లేని బండికి స్టాండెందుకు?

మన కావలిలో కాలేజీ ఫస్టియర్ అంటే ఇంటరే. టెన్త్ మార్కుల లిస్టు చేతికొచ్చిన నెలకల్లా పిల్లాడు కాలేజీ కుర్రాడైపోతాడు. వయసేమో పదిహేను, మహా అయితే పదహారు. 600కి 500 దాటితే బండి కొనిస్తానని నాయన ముందే మాటిచ్చి ఉంటాడు. మార్కులు ఎటూ దాటతాయి, బండీ వస్తుంది. వచ్చిన బండిని ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు.

కాలేజీలో పెట్టొచ్చుగదా అంటారా? కాలేజీ వాళ్ల వాదనలో న్యాయముంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం మామూలు బైకు నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. ఇంటర్ పిల్లాడికి నిండవు. కాబట్టి అతనికి బండి లేదు. లేని బండికి స్టాండు కట్టమనడం ఏం ధర్మం?

చట్టానికి దయ లేదనుకోకండి. పదహారు నిండితే 50 సీసీ మించని బండి నడుపుకోవచ్చంది. కాకపోతే ఆ బండ్లు షోరూముల్లో కనబడి ఏళ్లయింది. పాలక్యాన్లు మోసే టీవీఎస్ ఎక్సెల్ కూడా 100 అయిపోయి కూర్చుంది. 25 కిలోమీటర్ల వేగం దాటని చిన్న ఎలక్ట్రిక్ బండికి లైసెన్సే అక్కర్లేదు గానీ, దానిమీద పోతుంటే సైకిలోడు దాటేసి వెనక్కి తిరిగి నవ్వుతాడు. కుర్రాడి పరువేం కావాలి?

అందుకని బండ్లన్నీ గేటు బయటే. జిరాక్సు షాపు ముందు పెట్టాలంటే రికార్డులు, నోట్సులు అక్కడే జిరాక్సు తీయించాలి. బేకరీ ముందైతే ఎగ్‌పఫ్ తినక తప్పదు. అన్నిటికన్నా పేరున్నది సందులో అవ్వ గోడ. రోజుకి బండికి పది రూపాయలు. ముగ్గు తొక్కితే ఇరవై. హారను కొడితే ఆమె తిట్లు ఉచితం. తాళాలు ఆమె చీర కొంగుకి ఉంటాయి, వాన పడితే సీట్లమీద యూరియా సంచులు కప్పుతుంది. 1951లో జవహర్ భారతి మొదలైనప్పటి నుంచి చదువుల ఊరనిపించుకున్న కావలిలో, కాలేజీ పిల్లల కోసం పార్కింగు గురించి నిజంగా ఆలోచించింది ఈ అవ్వొక్కతే అని నా నమ్మకం.

అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు ఫస్టియర్ వాళ్లని క్యాంపస్‌లోకి కారు తెచ్చుకోనివ్వవు. అక్కడ క్యాంపస్ బయట అద్దెకి స్థలం వెతుక్కుంటారు. మన అవ్వ లాంటిది ఒక్కతి కూడా లేకపాయె వాళ్లకి, పాపం.

మన మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ వచ్చాక మైనరు బండితో తప్పు చేసి దొరికితే తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పిల్లాడికి పాతికేళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. నాయనలకి ఈ సంగతి తెలుసు. తెలిసే "మావాడు నిదానంగా పోతాడులే" అంటారు. ట్రంకు రోడ్డు మీద ముగ్గుర్ని ఎక్కించుకుని ఆ నిదానం ఎట్టా పోతోందో సాయంత్రం ఎవరైనా చూడొచ్చు. ఎప్పుడైనా పోలీసులు కాలేజీ దగ్గరికి వస్తే, వాళ్లకన్నా ముందు వాట్సాప్ వస్తుంది. గేటు ముందు ఒక్క చక్రం కూడా ఉండదు. చట్టం నూటికి నూరుపాళ్లు అమలైనట్టే.

మొన్న పేరెంట్స్ మీటింగు. ఒక నాయన కారేసుకుని వచ్చాడు. లోపల చోటు లేదు పొమ్మన్నాడు వాచ్‌మన్. రెండు రౌండ్లు కొట్టి, చేసేది లేక కొడుక్కి ఫోన్ చేశాడు.

"రేయ్, నువ్వు బండి యాడ పెడతావురా?"

"అవ్వ గోడకాడ నాయనా. కారైతే యాభై అడుగుద్ది. నా పేరు చెప్పు, నలభైకి ఒప్పుకుంటది."