మూడు పేటల మోకు

నేను జనుము మోకును. జగ్గయ్యపేటకీ నందిగామకీ నడుమ, మున్నేటికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉంటాను. ఆఫీసు గది మూలన పెద్ద మేకు కొట్టి నన్ను చుట్ట చుట్టి తగిలిస్తారు. బెల్లు కొట్టగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి ముందు నన్నే దించుతారు.

బడికి రాకముందు నాది బండి బతుకు. ఒక రైతు తాత జనుము కోసి, కట్టలు కట్టి, చెరువులో నానేసి, నార ఒలిచి ఆరబెట్టి, తన సావిట్లో కూర్చుని నన్ను పేనాడు. ఒక్కో పేటకీ ఒకవైపు పురి పెట్టాడు. మూడు పేటల్నీ కలిపేటప్పుడు ఎదురు పురి తిప్పాడు. పురికి పురి ఎదురు నిలబడబట్టే నేను విడిపోను, లాగే కొద్దీ బిగుస్తాను. చాలా ఏళ్ళు పత్తి బోరేల మీదా, గుంటూరు యార్డుకి పోయే మిరప టిక్కీల మీదా బిగిసి కూర్చున్నాను. నైలాను తాళ్ళు వచ్చాక నాకు పని తగ్గి సావిడి దూలానికి చేరాను. అక్కడ నన్ను చూసి మాస్టారు అడిగారు: "తాతా, ఈ మోకు మా పిల్లలకిస్తావా?" తాత ఇంకో మాట లేకుండా దించి ఇచ్చాడు. "తీసుకెళ్ళండి మాస్టారూ. మా మనవరాలు కూడా మీ బళ్ళోనే కదా."

మాస్టారు నన్నెందుకు అడిగారో చెప్పాలి. సమగ్ర శిక్షా కింద ప్రాథమిక పాఠశాలకి ఆట సామానుకని ఏడాదికి 5,000 రూపాయలు ఇస్తారు. దాంతో టెన్నికాయిట్ రింగులు, నాలుగు బంతులు, రెండు స్కిప్పింగ్ తాళ్ళు వస్తాయి. ఎండలకి రింగులు పగులుతాయి, బంతులు పక్కింటి కప్పుల మీదికి పోతాయి. ఇక నేర్పేవాళ్ళ సంగతి. 2009 విద్యాహక్కు చట్టం వ్యాయామ విద్యకి పార్ట్‌టైం బోధకుణ్ణి ఇమ్మన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, అదీ నూరుమందికి పైగా పిల్లలుంటే. ఐదో తరగతి లోపు పిల్లలకి ఎక్కాలు చెప్పే మాస్టారే ఈల ఊదాలి. ఒళ్ళు వంగి, కాలు కుదిరి, పరుగు అలవాటయ్యే వయసు మాత్రం సరిగ్గా ఇదే. ఈ వయసులో పరిగెత్తని పిల్ల హైస్కూలుకి పోయి పీఈటీ సారు పిలిస్తే ముందుకొస్తుందా? రాదు. గోడవారనే నిలబడుతుంది. గోడవారన నిలబడ్డ పిల్లల్ని నేను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా బళ్ళో ఐదు తరగతులూ కలిపినా పాతికమంది లోపే. కబడ్డీ జట్టుకి ఏడుగురు కావాలి. ఖోఖోకి తొమ్మండుగురు దిగాలి. ఒకటీ రెండూ తరగతుల బుడ్డోళ్ళని పక్కన పెడితే రెండు జట్లు కావడం మా వల్ల కాదు. పక్క ఊరి బడి పరిస్థితి ఇంకా కష్టం. 2022లో 117 నంబరు జీవో వచ్చినప్పుడు, కిలోమీటరు లోపు హైస్కూలుందని అక్కడి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని తరలించారు. మిగిలింది ఆరేడేళ్ళ పిల్లలు. బడి అన్నాక పెద్దపిల్లలు ఆడుతుంటే చూసి చిన్నవాళ్ళు నేర్చుకుంటారు. ఆ పిల్లలకి చూద్దామంటే పెద్దపిల్లలే లేకుండా పోయారు. 2025లో ప్రభుత్వం ఆ జీవోని వెనక్కి తీసుకుంది. ఆ మధ్య మూడేళ్ళూ ఆటలు చూడకుండా పెరిగిన పిల్లల కోసం నాకు ఇప్పటికీ బాధే.

నన్ను పట్టుకోవడానికి అయితే లెక్క అడ్డురాదు. ఇటు ఆరుగురు, అటు ఆరుగురు. ఇటు ఇద్దరు పెద్దవాళ్ళు, అటు నలుగురు చిన్నవాళ్ళు. టగ్ ఆఫ్ వార్ అంతర్జాతీయ నియమాల ప్రకారం జట్టుకి ఎనిమిదిమంది, తాడు 33.5 మీటర్లకి తగ్గకూడదు, చుట్టుకొలత పది నుంచి పన్నెండున్నర సెంటీమీటర్లు. నాకు అంత పొడవూ లేదు, లావూ లేదు. పిల్లల పిడికిలికి మాత్రం సరిగ్గా సరిపోతాను. టీచరుగారు నా నడుమ ఎర్రగుడ్డ కుట్టారు. దానికి అటూ ఇటూ నాలుగేసి మీటర్ల దూరంలో తెల్లగుడ్డలు కుట్టారు. మన వైపు తెల్లగుడ్డ నేలమీది నడిగీత దాటి అవతలికి పోయిందంటే ఓడినట్టు.

2024 ఆగస్టు 29, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. జాతీయ క్రీడా దినోత్సవమని బళ్ళో సంచి పరుగు, చెంచా నిమ్మకాయ, ఆఖర్న నేను. ఆ ఏడాది నన్ను బయటికి తీసిన మొదటి పెద్ద ఆట అదే. మాది నల్లరేగడి. ముసురు పట్టి నేల మెత్తబడింది. కాలు దిగితే రాదు, వస్తే బూటు రాదు. పిల్లలు బూట్లు విప్పేసి ఉత్తకాళ్ళతో లాగారు. అందరూ నడుముల దాకా బురదే.

రెండురోజులకి ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. సెప్టెంబరు 1న గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది, ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కింది, హైదరాబాదు–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. మా ఊళ్ళో వాగువార ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. తెల్లవారుజామున ఎవరో మాస్టారికి ఫోన్ చేశారు: "బడి తాళం ఎక్కడుంది సార్, మోకు కావాలి." వేపచెట్టుకీ కరెంటు స్తంభానికీ నన్ను బిగించి కట్టారు. నడుంలోతు నీళ్ళలో జనం నన్ను పట్టుకుని ఒకరి వెనక ఒకరు దాటారు. చంటిపిల్లలు భుజాల మీద, ముసలమ్మలు ఇద్దరి నడుమ. అందులో మా నాలుగో తరగతి పిల్లాడొకడు వాళ్ళ అమ్మకి చెబుతున్నాడు: "పై నుంచి కాదమ్మా, చెయ్యి కింద నుంచి పట్టుకో, జారదు." మూడురోజుల కిందట మాస్టారు చెప్పిన పట్టే అది.

జనుమైనా అదేపనిగా తడిలో నానితే కుళ్ళుతుంది. నీళ్ళు తగ్గాక తాత నన్ను కళ్ళంలో పొడుగ్గా పరిచి మూర మూరా తడిమి చూశాడు. ఒకచోట పేట కుళ్ళింది. ఆ ముక్క కోసేసి, రెండు కొసల్లో పేటలు విప్పి, ఒకదాన్లో ఒకటి జొనిపి, మళ్ళీ పురి తిప్పి అతికాడు. ముడి వేయలేదు. ముడి ఉంటే పిల్లల చేతులు ఒరుసుకుంటాయని ఆయన పట్టుదల. ఆ అతుకు దగ్గర కాస్త లావుగా ఉంటాను. ఆ తర్వాత నుంచి పిల్లలు అక్కడ పట్టుకోవడానికి పోటీ పడేవాళ్ళు.

బడి ఆవరణ నిండా ఒండ్రు మేట వేసింది. దాన్ని ఎత్తిపోసి, నేల ఆరి, గట్టిపడేసరికి దసరా సెలవులు అయిపోయాయి. ఆ రెండు నెలలూ వరండాలో తొక్కుడుబిళ్ళ, స్కిప్పింగ్, అంతే. నవంబరు 14న పరుగుపందేలు బాగానే జరిగాయి.

డిసెంబరు 7 గురించి చెప్పకపోతే ఈ కథ చెప్పీ లాభం లేదు. ఆరోజు రాష్ట్రమంతటా బళ్ళలో తల్లిదండ్రుల మెగా సమావేశం. తల్లులకి ముగ్గులు, తండ్రులకి టగ్ ఆఫ్ వార్. నాన్నలు లుంగీలు ఎగ్గట్టి వచ్చారు. ఒకాయన నన్ను అరచేతికి రెండుచుట్లు చుట్టుకున్నాడు. మాస్టారు పరిగెత్తుకొచ్చి విప్పించారు. "చేతికీ నడుముకీ చుట్టకూడదండీ, అవతలివాళ్ళు ఒక్కసారి గుంజితే వేళ్ళు తెగుతాయి." నాన్నలు బలం చూపించారు. ఎవరి బలం వాళ్ళది. ఒకాయన గుంజేటప్పుడు పక్కాయన ఊపిరి తీసుకుంటాడు. ఎర్రగుడ్డ ఉన్నచోటే ఊగింది తప్ప ఎటూ కదల్లేదు.

అప్పుడు అమ్మలు ముగ్గు చేతులు దులుపుకుని లేచారు. "మేమూ లాగుతాం మాస్టారూ" అంది వంట చేసే ఆవిడ. వాళ్ళు బారుగా నిలబడ్డ తీరే వేరు. ఏడాదంతా నాట్లూ కలుపులూ బారు తీరి చేసే మనుషులు కదా, పక్కమనిషి కదలిక వాళ్ళకి ఒంటికే తెలుస్తుంది. పక్కన మూడో తరగతి పిల్ల ఒకతి నిలబడి "ఐలేసా... ఐలేసా" అని అరవడం మొదలుపెట్టింది. సన్నటి పిల్ల. ఆటలకి ఎప్పుడూ ఎవరూ పిలిచింది లేదు. గొంతు మాత్రం గంట. ఆ పిల్ల కేక పడ్డప్పుడల్లా ఆమె ఉన్నవైపు అమ్మల చేతులన్నీ ఒక్కసారే నన్ను గుంజాయి. మూడు కేకలకి తెల్లగుడ్డ గీత దాటింది. నాన్నలు చప్పట్లు కొట్టారు. మాస్టారు ఆ పిల్ల వైపే చూస్తున్నారు.

టగ్ ఆఫ్ వార్‌లో ఎనిమిదిమంది లాగేవాళ్ళకి తోడు పక్కన నిలబడి కేక పెట్టే కోచ్‌కి నియమాల్లోనే చోటుంది. సోమవారం నుంచి ఆ పిల్లకి ఆ పని. మాస్టారు రోజూ ఆటల పీరియడ్‌లో నేర్పేవారు. అరచేతులు రెండూ పైకి చూడాలి. తాడు చంకకింద నుంచి పోవాలి. మడమ దించి వెనక్కి వాలాలి, కానీ కూలబడితే తప్పు. చివరివాడు తాడుని ఒక చంకకింద నుంచి వీపు మీదుగా రెండోవైపు భుజం పైకి తెచ్చుకోవాలి. మధ్యలో ఒలింపిక్స్ కబుర్లు. 1900 నుంచి 1920 దాకా ఈ ఆట ఒలింపిక్స్‌లో ఉండేదంటే పిల్లలు నమ్మలేదు. 1908లో లండన్‌లో లివర్‌పూల్ పోలీసులు బరువైన బూట్లు వేసుకుని దిగారని అమెరికా వాళ్ళు గొడవపడి ఆటలోంచి తప్పుకున్నారంటే, మాకూ అలాంటి బూట్లు కావాలన్నారు.

సంక్రాంతి సెలవుల్లో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచకప్ జరిగింది. జనవరి 19న ఫైనల్లో మన ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ నేపాల్ మీద గెలిచారు. మగవాళ్ళ జట్టులో ఆంధ్రప్రదేశ్ కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. బడి తెరిచిన రోజు నన్ను నేలమీద తిన్నగా పరిచి ఖోఖో నడిగీత చేశారు. ఎనిమిదిమంది కూర్చోవాల్సిన చోట నలుగురు కూర్చున్నారు. ఆట ఆటే!

ఆ నెలాఖర్లో స్కూల్ కాంప్లెక్స్ పోటీలు, పెద్ద ఊరి హైస్కూలు గ్రౌండ్‌లో. అప్పటికే మిరప కోతలు మొదలయ్యాయి. కోతల కాలంలో మెట్ట బళ్ళలో హాజరు పలచబడుతుంది. తల్లి చేలోకి పోతే చంటివాణ్ణి ఎవరు చూస్తారు? పెద్దపిల్లే. కేక పెట్టే పిల్ల వరసగా బడికి రాలేదు. మాస్టారు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళారు. "ఒక్కరోజు పంపమ్మా." "పంపితే బుడ్డోణ్ణి ఎక్కడ పెట్టుకోను మాస్టారూ? చేలో ఎండకి తాళ్ళేడు." "వాణ్ణి కూడా తీసుకురమ్మను. నేను చూసుకుంటా." అలా ఆటోలో ఎనిమిదిమంది పిల్లలు, ఒక కోచ్, కోచ్ ఒళ్ళో తమ్ముడు, కాళ్ళకింద నేను.

అక్కడున్నది నైలాను తాడు. అది జారితే చిన్నచేతులకి తోలు లేస్తుంది. మాస్టారు నన్ను చూపించి అడిగితే అంపైరు సరేనన్నారు. అలా ఆరోజు పోటీలన్నీ నాతోనే. రెండువైపులా చేతులు. చెమట చేతులు, చిక్కీ జిగురు చేతులు, భయంతో వణికే చేతులు. ఏ బడివని నేను ఎంచలేదు. లాగుతున్నంతసేపూ అవన్నీ నా పిల్లల చేతులే.

మా పిల్లలు ఒక జట్టుని దాటి ఫైనల్‌కి వచ్చారు. ఎదురు నిలిచింది పెద్ద బడి, వందమందిలోంచి ఏరుకున్న ఎనిమిదిమంది. మా వాళ్ళలో ఏరడానికేముంది, ఉన్నవాళ్ళే వచ్చారు. మొదటి గుంజు వాళ్ళది. రెండోసారి మా పిల్ల తమ్ముణ్ణి టీచరుగారికిచ్చి గీత దగ్గరికి వచ్చింది. వెంటనే కేక పెట్టలేదు. అవతలివాళ్ళు గుంజనిచ్చింది. మావాళ్ళు మడమలు దించి కదలకుండా ఆపారు. నా మూడు పేటలూ కిర్రుమన్నాయి, అతుకు దగ్గర వేడెక్కాను. అవతలి పట్టు ఒక్క క్షణం సడలింది. అప్పుడు పడింది కేక. ఎనిమిదిమంది మడమలూ ఒక్కసారే వెనక్కి. తెల్లగుడ్డ గీత దాటింది. మూడో గుంజులో బరువు గెలిచింది, ఓడిపోయాం.

రెండో బహుమతి స్టీలు గ్లాసులు, ఎనిమిది. జాబితాలో లాగినవాళ్ళ పేర్లే ఉన్నాయని కోచ్‌కి ఇవ్వలేదు. మాస్టారు చాలాసేపు మాట్లాడి చూశారు. చివరికి వచ్చేదారిలో జగ్గయ్యపేట బజార్లో ఆటో ఆపి, అలాంటిదే గ్లాసు కొని, పేరు కొట్టించి ఇచ్చారు. ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఏప్రిల్లో ఏడాది క్రీడల వివరాలు పంపమన్నారు. కాగితంలో బహుమతులకే గడి ఉంది. మాస్టారు అందులో "ద్వితీయ" అని రాసి, కింద మిగిలిన ఖాళీలో ఆ ఏడాది నన్ను పట్టుకున్న పిల్లలందరి పేర్లూ వరసగా రాశారు. ఒకటో తరగతి పిల్లలతో సహా. చోటు చాలక వెనక్కి తిప్పి రాశారు.

వరదకి నా ఒక కొస పలచబడింది. తాత వచ్చి దాన్ని కోసి, పేటలు విడదీసి, బుడ్డోళ్ళకి మూడు స్కిప్పింగ్ తాళ్ళు చేసిపెట్టాడు. నేను కాస్త పొట్టినయ్యాను. జట్టులో నలుగురు ఐదో తరగతి దాటి హైస్కూలుకి వెళ్ళిపోతున్నారు. వాళ్ళ చోటికి మనుషులు కావాలి. కోతలు ముగిసి బడికి తిరిగొచ్చిన కోచ్ ఊరికే కూర్చోలేదు. ఒంటిపూట బడి వదిలేముందు రెండో తరగతి వాళ్ళని బారుగా నిలబెట్టి, నన్ను చేతికిచ్చి అరుస్తోంది: "కూచోకండర్రా! మడమ దించండి, మడమ! రేయ్, నువ్వెటు చూస్తున్నావ్? నా కేక విను!"