స్టూడియోలో కూలిన కరాచీ

తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లి ధర రాయాలంటే విలేకరి యార్డుకు వెళ్లాలి, ఇద్దరు వ్యాపారులను అడగాలి. క్వింటాలుకు వంద తేడా వస్తే మర్నాడు రైతులూ ఊరుకోరు, డెస్కూ ఊరుకోదు. కరాచీ రేవును తగలబెట్టడానికి ఈ తిప్పలేవీ లేవు. ఎర్ర అక్షరాలు, సైరన్ మోత, గొంతు చించుకునే యాంకరు ఉంటే చాలు.

పాకిస్తాన్‌తో సైనిక ఘర్షణ నడుస్తున్న 2025 మే 8 రాత్రి మన టీవీ చానళ్లు చాలావరకు ఆ పనే చేశాయి. రేవును బూడిద చేశాయి, ఇస్లామాబాద్ దాకా దూసుకెళ్లాయి. వీడియో గేమ్ దృశ్యాలూ యుద్ధరంగమైపోయాయి. ఏలూరులో నిద్ర మానుకుని చూసినవాళ్లు తెల్లారేసరికి లాహోర్ కూడా మనదైపోతుందనుకున్నారు. మోత ఎంత ముదిరిందంటే, మే 10న కేంద్ర హోంశాఖే సైరన్లు ఆపండని చెప్పాల్సొచ్చింది: రోజూ ఇలా మోగిస్తే అసలు ప్రమాదమప్పుడు జనం పట్టించుకోరట!

1971 యుద్ధంలో, డిసెంబర్ 4 రాత్రి మన నౌకాదళం కరాచీని నిజంగానే కొట్టింది. పాపం, ఒక్క యాంకరు సాయం కూడా లేకుండా.

నిజం రాద్దామనుకున్నవాడి గతి వేరు. సరిహద్దుకు వెళ్లనివ్వరు, అధికారి పెదవి విప్పడు, మనకెన్ని విమానాలు పోయాయని అడిగితే దేశద్రోహి. విమానాలు పోయిన మాట త్రిదళాధిపతి అనిల్ చౌహాన్ ఒప్పుకున్నది మే 31న. ఎక్కడ? సింగపూర్‌లో, విదేశీ వార్తాసంస్థల ముందు. పన్నులు కట్టే తాడేపల్లిగూడెం వాడికి ఆ కబురు సముద్రం దాటి వచ్చింది.

చానళ్లకు ఒక సలహా. గూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది. వచ్చే యుద్ధానికి సెట్టు అక్కడ వేసుకోండి. డ్రోన్లు కావాలంటే కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులు దిగుతుంటాయి, కెమెరా కాస్త ఊపితే సరి. కొల్లేటి పక్షులు పరువునష్టం దావా వెయ్యవు.

మే 9న నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు, అగ్నివీర్ మురళీ నాయక్ నిజంగా చనిపోయాడు. కరాచీ రేవు ఆ రోజూ పనిచేసింది. మే 8 రాత్రి మీరు చూసిన చానల్ తప్పయిందని చెప్పిందా? చెప్పకపోతే, ఉత్తరం రాసి అడగండి.