పెద్దమ్మ వాక్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: మద్నూర్ వాస్తవ్యురాలగు పెద్దమ్మ శ్రావణమాసమున సకుటుంబముగా సముద్రదర్శనార్థము బయలుదేరి, 161వ జాతీయ రహదారిని పట్టి హైదరాబాదును, అటుపై విశాఖపట్నమును చేరి, ఆర్కే బీచి నుండి భీమిలి పోవు తీరమార్గమున, జోరువానలో, కారు వెనుకసీటు నుండి నుడివినది.

మూలము: "మెల్లగ పోనియ్ కొడుకా! వాన గొడ్తుంది, అద్దం మూయ్. ఇంతకు సముద్రం ఏడుంది?"

ప్రతిపదార్థము: కొడుకా = స్టీరింగు పట్టిన ఓ చెల్లెలి కొడుకా; మెల్లగ = వెనుక బస్సు ఎంత హారను కొట్టినను లెక్కింపక; పోనియ్ = కారు నడుపుము; వాన = బంగాళాఖాతపు అల్పపీడనమున పుట్టిన వర్షము; కొడ్తుంది = సరిగా నా కొత్తచీరమీదనే పడుచున్నది; అద్దం = దించితినని ఎవరును ఒప్పుకొనని కిటికీ అద్దమును; మూయ్ = పైకెత్తుము; ఇంతకు = ఇంత డీజిలు పోయించిన పిమ్మట; సముద్రం = ఏది చూడవచ్చితిమో అది; ఏడుంది = ఎచ్చట నున్నది?

పాఠాంతరము: "అద్దం దించు" అని పిల్లల పాఠము. మూసిన కారులో అందరి ఊపిరి తగిలి అద్దము మసకబారును గాన, దించనిదే దర్శనము లేదని వారి వాదము. ఏసీ వేసిన మసక తొలగునని చోదకుని సమన్వయము. ఏసీ డీజిలు తాగునని పెద్దనాయన ఖండనము.

అలంకారము: సందేహము. అది కడలియా, ఆకాశమా, అద్దముపై ఆవిరియా యని తేలదు.

విశేషములు: భీమిలి పోవునప్పుడు కడలి కుడిప్రక్క, కొండలు ఎడమప్రక్క. కావున రోడ్డు తప్ప వేరేమియు చూడరాని చోదకునికే సముద్రము ప్రాప్తించును. 1969లో నౌకాదళమున చేరి, 2002 నుండి బీచిలో మ్యూజియమై నిలిచిన కురుసుర జలాంతర్గామి, మునుగుట మాని తడియుచున్నది.

పూర్వపక్షము: వాన సముద్రమును కప్పివేసెను, యాత్ర వ్యర్థము.

సిద్ధాంతము: కాదు. కడలినీరే ఉప్పును అచ్చటనే విడిచి ఆవిరియై మేఘమగును. బంగాళాఖాతమున పుట్టిన అల్పపీడనము వాయవ్యముగా సాగి, ఉత్తర తెలంగాణను తడిపి, మద్నూర్ నల్లరేగడిలో సోయాకును పత్తికిని ప్రాణము పోయుట కలదు. మిగిలిన నీరు వాగులనుబట్టి మంజీరను చేరును. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. గోదావరి తిరిగి ఈ కడలినే చేరును. ఇందుకు ప్రమాణము, ఈ మార్గముననే యున్న తొట్లకొండ. కనుచూపుమేర నీరున్నను అచ్చటి బౌద్ధభిక్షువులు రాతిని తొలిచి తొట్లు చేసి వాననే పట్టుకొనిరి. దాహము తీర్చు సముద్రము పైనుండి వచ్చునదేయని వారెరుగుదురు.

తాత్పర్యము: ఓ పెద్దమ్మా! నీవు ఏడువందల పైచిలుకు కిలోమీటర్లు వచ్చి వెదకుచున్న సముద్రము ఏటేటా నీ చేనికి వచ్చి పోవుచునే యున్నది. ఇప్పుడు నీ చీరను తడిపినదియు అదియే. అద్దము మూయించి, ఎక్కడని అడుగుట న్యాయము కాదు.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్యను బయలుదేరకముందే చదివినవారు పోవునప్పుడు కుడికిటికీని, వచ్చునప్పుడు ఎడమకిటికీని పొందుదురు. భీమిలిలో దిగినప్పుడు గొడుగు డిక్కీలో, సామానులన్నిటికి అడుగున కాక, పైననే దొరకును. వేడివేడి ముంతకింద పప్పు తడవక చేతికి వచ్చును. పెద్దనాయన ఏసీ వేయనిచ్చును. ఈ చివరిదానికి మాత్రము శాస్త్రమున ప్రమాణము లేదు.