కొండదారిలో చేయి మారిన కర్రను

నల్లమల పొదలో పుట్టాను. మాది సాధనపు వెదురు. బోలు తక్కువ, గట్టిదనం ఎక్కువ. లాఠీకైనా చేతికర్రకైనా మమ్మల్నే వెతుకుతారు. మొలకెత్తిన వానాకాలంలోనే నా ఎత్తంతా పెరిగేశాను. ఆపైన లావెక్కింది లేదు, ముదరడానికే మరో మూడేళ్లు పట్టింది.

ఆత్మకూరు అంగడిలో నన్ను కొన్న తాతది రాయచూరు వైపు పల్లె. గొర్రెల కాపరి. ఏటా ఉగాదికి శ్రీశైలం నడిచి వస్తాడు. కన్నడ భక్తులకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. పండక్కి ఆమెను చూడందే వాళ్లకు తోచదు. తుంగభద్ర దాటి, కర్నూలు మీదుగా ఆత్మకూరు చేరి, వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెడతారు. అక్కణ్ణుంచి నాగలూటి, పెచ్చెరువు, మఠం బావి, భీముని కొలను, కైలాసద్వారం. ఉగాది నాటికి చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. నీడ దొరకదు, నీళ్లూ అంతంతే.

పెచ్చెరువు దాటాక ఒక బండ మీద కర్నూలు కుర్రాడొకడు కుడి మోకాలు పట్టుకొని కూర్చున్నాడు. తోటివాళ్లు ముందుకెళ్లిపోయారు. తాత ఏమీ అడగకుండా పక్కన కూర్చొని జోలె విప్పాడు. ఎండు జొన్నరొట్టె, వేరుశనగ కారం, ఉల్లిగడ్డ. కుర్రాడు తిని నీళ్లు తాగాక అప్పుడు తాత అడిగాడు:

"ఏం తమ్మా, మోకాలా?"

"నువ్వు పో తాతా, నేను నిదానంగా వస్తా."

"నిదానంగా వచ్చేవాళ్లకే తోడు కావాలప్పా" అంటూ నన్ను వాడి చేతికిచ్చాడు.

అందరిలాగే వాడూ నన్ను కుడిచేత్తో పట్టుకున్నాడు. తాత ఎడమచేతికి మార్చాడు. నడకలో కుడికాలితోపాటు ముందుకొచ్చేది ఎడమచెయ్యి. నొప్పికాలు నేల తాకే వేళకు నేనూ తాకితే, దాని బరువులో కొంత నా మీదికి వస్తుంది. మొత్తం మోయడం నావల్ల కాదు, నన్ను అలా వాడకూడదు కూడా.

భీముని కొలను దిగుడులో ఉంది అసలు పరీక్ష. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదేమో గాని, మోకాళ్లు అరిగేది దిగేటప్పుడే. తాత చెప్పిన వరస ఇది: దిగేటప్పుడు ముందు నేను, వెంట నొప్పికాలు, చివర మంచికాలు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు. చెబుతూ తాను వాడికంటే ఒక మెట్టు కిందనే ఉన్నాడు, తూలితే ఆపడానికి. నేను లేని ఆ చేతిని అప్పుడప్పుడు తొడ మీద ఆనించుకోవడం చూశాను. దిగుడు ఆయనకూ కష్టమే.

14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. నడిచేవాళ్ల కష్టం తెలిసి రాయి పరిపించిన మనిషంటే నాకు గౌరవం. తాత కట్టించిందేమీ లేదు. తన నడక తగ్గించుకున్నాడు, అంతే. ఎన్నో రోజులుగా నడిచి వస్తున్నవాడికి అదెంత కష్టమో నాకు తెలుసు. ఆగితే కాళ్లు బిగుసుకుంటాయి, ఎండ ముదురుతుంది, తన గుంపు దూరమవుతుంది. సంచి అందుకోవడానికి చాలామంది ముందుకొస్తారు. పక్కవాడి అడుగుకు తన అడుగు కలిపేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఆ రెండోదే పెద్ద సాయం.

కైలాసద్వారం ఎక్కాక కుర్రాడు నన్ను తిరిగి ఇవ్వబోయాడు.

"వాపసు బస్సులోనే గదా పోయేది. వచ్చే ఉగాదికి వెంకటాపురం కాడికి తెచ్చియ్యి" అన్నాడు తాత.

ఇప్పుడు కర్నూల్లో వాళ్లింట్లో ఉన్నాను. నా అడుగున అరిగిన చోట రబ్బరు బిళ్ల బిగించాడు. మోకాళ్లకు బలం రావాలని తెల్లవారుజామున కె.సి. కాలువ గట్టున నడుస్తున్నాడు; నన్నూ తీసుకుపోతాడు. పండక్కి ఇంకో కర్ర కొంటానని వాళ్లమ్మతో చెబుతున్నాడు. దారిలో కూలబడ్డవాళ్లకు ఇవ్వడానికట.