గబ్బిలాలు చూడబోయేవారి మూటాముల్లె

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు ఆదివారం సాయంత్రం గడపడానికి సినిమా హాళ్లున్నాయి, హైవే దాబాలున్నాయి. అవన్నీ కాదని గబ్బిలాలు చూద్దామని బయల్దేరే కుటుంబం ఏదైనా ఉంటే వట్టి చేతులతో మాత్రం వెళ్లకూడదు. ఈ సామాను తప్పనిసరి.

మొదటిది టార్చిలైటు. పొలం కాడ అడవిపందుల్ని అదిలించేదైతే మరీ శ్రేష్ఠం. పొద్దుగూకగానే గబ్బిలాలున్న చెట్టుతొర్రలోకో పాడుబడ్డ మండపంలోకో సూటిగా కొట్టాలి. వెలుతురు పడితే అవి బయటికి రావడం ఆలస్యమవుతుంది, పురుగులు జోరుగా ఎగిరే వేళ కాస్తా దాటిపోతుంది. అవి పస్తుంటాయి, చూడవచ్చినవాళ్లు పెందలాడే ఇల్లు చేరుకుంటారు. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకొచ్చే వాళ్లను దగ్గరికి రానీయొద్దు. ఎర్ర వెలుగుకు అవి అంతగా బెదరవు.

తలకు తువ్వాలు కూడా ఉండాలి, జుట్టులో చిక్కుకుంటాయట కదా! చిమ్మచీకట్లో తన కూత ప్రతిధ్వని ఆధారంగా దోమంత పురుగును గాల్లోనే పట్టే జీవికి ఎదురుగా ఉన్న మనిషి తల కనబడదని నమ్మేవారు తువ్వాలు రెండు చుట్లు చుట్టుకోవాలి.

గొడుగు మాత్రం నిజంగానే కావాలి. మర్రికో రావికో వందలుగా వేలాడే పండ్ల గబ్బిలం రెక్కలు చాచితే 1.2 మీటర్లు దాటుతుంది. పగలంతా తలకిందులుగా ఉన్నా, విసర్జన వేళకు బొటనవేళ్ల గోళ్లతో కొమ్మ పట్టుకుని నిటారుగా తిరుగుతుంది. తన ఒంటి మీద చుక్క పడనివ్వదు. కింద నోరు తెరుచుకుని చూసేవాళ్ల పూచీ దానిది కాదు.

డీజే బాక్సు మరవొద్దు. చిన్న గబ్బిలాల కూతలు చాలావరకు 20 కిలోహెర్ట్జ్‌కు పైనుంటాయి, మనిషి చెవి అక్కడితో ఆగిపోతుంది. వాటిని వినబడేలా దించి వినిపించే డిటెక్టర్లు దొరుకుతాయి. కానీ కొత్త పాటలు వాటిలో రావు.

పిల్లలమర్రిలోని 1208 నాటి ఎరకేశ్వరాలయం లాంటి పాత గుళ్ల వైపు వెళ్లేవారు ఒక అర్జీ రాసి పెట్టుకోవచ్చు. 1941లో వచ్చిన జాషువా ‘గబ్బిలం’లో కథానాయకుడు చేసిందదే. అంటరానివాడని తనను రానీయని గుడిలోకి గబ్బిలం దర్జాగా వెళ్తుంది గనక, కాశీ విశ్వనాథుడికి తన గోడు దానితోనే చెప్పి పంపాడు.

మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింది వరి మళ్ల దగ్గరికైతే పురుగుమందు డబ్బా భుజాన వేసుకోవాలి. స్పెయిన్‌లోని ఎబ్రో డెల్టా రైతుల పొలాల్లో గబ్బిలాలకు చెక్కపెట్టెలు కట్టి పెడితే, అవి కాండం తొలిచే పురుగు రెక్కల పురుగుల్ని తిని చీడను అదుపులో పెట్టాయి. ఇంత పనిని జీతంబత్తెం లేకుండా చేయించుకోవడం మర్యాద కాదు గనక, ఆ పురుగుల్ని మనమే ముందుగా చంపేసి వాటికి విశ్రాంతినివ్వాలి.

గొంతు తడుపుకోవడానికి కల్లు. ముంతకు మూత పెట్టొద్దు. బంగ్లాదేశ్‌లో శాస్త్రవేత్తలు రాత్రిపూట కెమెరాలు పెట్టి చూస్తే, పండ్ల గబ్బిలాలు ఈతచెట్లకు కట్టిన కుండల దగ్గర వాలి నీరా నాకుతూ కనిపించాయి. నిపా వైరస్ అక్కడ మనుషులకు సోకే దారుల్లో పచ్చి నీరా ఒకటి. అందుకే వెదురు తడికలతో కుండలను కప్పే పద్ధతి ప్రచారం చేశారు. చెట్టు కింద రాలిన కొరికిన జామకాయలు నంజుకోవడానికి పనికొస్తాయని అనుకునేవారికి ఈ జాబితా కన్నా డాక్టరు అవసరం ఎక్కువ.

చివరిది గోనెసంచి, ఒకదాన్ని పట్టి ఇంటికి తెచ్చుకోవడానికి. 1972 వన్యప్రాణి చట్టం పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి చీడజంతువుల పట్టికలో చేర్చింది. 2022 సవరణ ఆ పట్టికనే ఎత్తేసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. కాబట్టి సంచి పట్టుకెళ్లేవారు కోదాడ దాకా పోయేలోపే ఒక వకీలును బండెక్కించుకోవాలి, ఫీజు ముందే మాట్లాడుకుని.