బండ మీద బ్యాకప్

బ్యాకప్ డిస్కులు కొనే ఫైలు మళ్లీ వచ్చే ఏడాదికి వెళ్లింది. మన వికారాబాద్ జిల్లాలోని ఓ ఆఫీసే, పేరు రాయనక్కర్లేదు. మార్చి 31న, ఖజానా మూసేలోపు మిగిలిన నిధులు ఊడ్చేసే రోజున, పెద్దసారు ఆ ఫైలును 'ఇన్నేళ్లూ ఏమీ కాలేదు కదా' అని పక్కన పెట్టారు. ఆ తేదీని లోకం బ్యాకప్ దినోత్సవంగా జరుపుకుంటుందని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. అదే పూట, అదే పెన్నుతో, ఆఫీసు ముందర తాండూరు బండలు పరిపించే ఫైలు మీద మాత్రం సంతకం పడింది. ఉన్న బండలు బాగానే ఉన్నాయి.

మొదట ఒళ్లు మండింది గానీ, ఆలోచిస్తే సారు దూరదృష్టి బోధపడింది. డబ్బు బండలకే మంజూరవుతుంది, డిస్కులకు కాదు. అలాంటప్పుడు డేటాను ఆ బండల మీదే చెక్కిస్తే పోలా?

రాన్సమ్‌వేర్ దొంగ మెయిల్లో వచ్చి, ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి బిట్‌కాయిన్లు అడుగుతాడు. నాపరాయికి ఎక్కడ వేస్తాడు తాళం? బండకు నెట్ లేదు, పాస్‌వర్డ్ లేదు, 'మీకు కోర్టు నోటీసు వచ్చింది' అన్న లింకును అది నొక్కదు. కాకతీయుల శాసనాలు ఎనిమిది వందల ఏళ్లయినా చదువుతున్నాం. మన ఆఫీసు బీరువాలో పదేళ్లనాటి సీడీ ఒక్కటి తెరిచి చూపించండి.

డేటాకు మూడు ప్రతులుండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి అంటారు కంప్యూటర్ పండితులు. దానికేం! ఒకటి నాపరాయి మీద, ఒకటి వికారాబాద్ ఆఫీసు గోడ మీద సున్నంతో, మూడోది అనంతగిరి గుట్ట మీద పద్మనాభస్వామి సన్నిధిలో. మూసీ పుట్టింది అక్కడే అయినా 1908లో ముంచింది హైదరాబాద్‌ను, గుట్టను కాదు.

పింఛన్ల జాబితా చెక్కిన బండ గడప దగ్గర, కందుల కొనుగోలు లెక్కలు వరండాలో, సమాచార హక్కు దరఖాస్తులు మూత్రశాల దారిలో. తప్పులు దిద్దాలంటే పాలిషింగ్ యూనిట్‌కు పంపాలి. పోయిన డేటా తిరిగి ఎక్కించాలంటే నలుగురు హమాలీలు, ఒక ట్రాక్టరు. మేస్త్రీ అక్షరాలు కిందికి వచ్చేట్టు బోర్లా పరిచినా భయం లేదు, తీసిన బ్యాకప్‌ను తిప్పి చూసే అలవాటు మనకు ఎప్పుడుంది గనక? అన్నిటికంటే గొప్ప సంగతి, డిస్కుకు రిబ్బన్ కట్టి కొబ్బరికాయ కొట్టలేం. ఇక్కడ బ్యాకప్పే శిలాఫలకం! మంత్రిగారి పేరు మొదటి బండ మీద.

నవ్వకండి, కొరియావాళ్లు 13వ శతాబ్దంలో దాదాపు ఈ పనే చేశారు. బౌద్ధ గ్రంథాల పలకల్ని మంగోలులు తగలబెడితే, మళ్లీ కూర్చుని 80 వేలకు పైగా చెక్కపలకలు చెక్కారు. అవి హేయిన్సా ఆలయంలో ఇప్పటికీ ఉన్నాయి. అదే దేశంలో 2025 సెప్టెంబరులో దేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకుంటే, ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. నకలు లేదు. మరీ పెద్దది కాబట్టి తీయలేదని సంజాయిషీ. మన సారుకు అక్కడా చుట్టాలున్నారు.

ఏమీ కాలేదా సార్? 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టేషన్లలో దూరింది, తిరుమల వెళ్లి వడ్డీకాసులవాడి ఆఫీసులోనే ముడుపు అడిగింది. 2019లో మన జిల్లాకు కరెంటిచ్చే డిస్కం వెబ్‌సైటుకే తాళం పడింది. 2022 నవంబరులో ఇలాగే తాళం పడి ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి దాదాపు రెండు వారాలు కాగితాల మీద నడిచింది. ఆ క్యూలో నిలబడింది రోగులు, ఫైళ్ల మీద సంతకాలు పెట్టేవాళ్లు కాదు. రేపు ఇక్కడ తాళం పడినా మీ జీతం ఆగదు. బషీరాబాద్ నుంచి బస్సెక్కి వచ్చిన ముసలమ్మకు మాత్రం 'సర్వర్ లేదు, సోమవారం రా' అంటారు. సోమవారం వస్తే నువ్వెవరో రుజువు తెమ్మంటారు. రుజువు మీ దగ్గరే ఉండేది కదయ్యా! మీరు పోగొట్టిన కాగితానికి ఆమె ఎందుకు తిరగాలి? కందులు అమ్ముకున్న రైతు ఎందుకు తిరగాలి? ఆ లెక్కలు మీ సొంతం కావు, దాచిపెట్టమని మీ చేతికిచ్చినవి.

నకలు తీయడం, వైరు పీకేసి బీరువాలో పెట్టడం, అప్పుడప్పుడు తెరుచుకుంటోందా అని చూడటం. ఉన్న పనంతా ఇదే. వైరు పీకకపోతే దొంగ రెంటికీ కలిపి తాళం వేస్తాడని ఆఫీసులో కంప్యూటర్ చూసే కుర్రాడికి కూడా తెలుసు. వాడు రాసిన నోటే ఆ ఫైల్లో ఉంది. అంతా పోయాక 'గుర్తుతెలియని సైబర్ నేరగాళ్ల' మీద కేసు పెడతారు. పెట్టండి. అక్కర్లేదని రాసినవాడు గుర్తుతెలిసినవాడే, వాడి పేరు కూడా ఎఫ్‌ఐఆర్‌లో రాయండి.