హాలు బయట మూడు గంటలు

నన్ను లోపలికి రానివ్వరు. సెల్‌ఫోన్లు, గైడ్లు, చీటీలతో పాటు నన్నూ గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఆ రోజూ అంతే. విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీ వరండా, గోడవారగా వరసపెట్టిన సంచులు, వాటిలో ఒక గుడ్డసంచి, అందులో నేను. మా గుంట నా అట్టమీద ఒక్కసారి చెయ్యివేసి, హాల్ టికెట్టూ రెండు పెన్నులూ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. గంట కొట్టారు.

నేను ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుని. మా గుంట వాళ్ళింట్లో మూడు తరాల పిల్లలకి, అడిగిన మాటకల్లా అర్థం చెబుతూ వచ్చాను. ఆ పూట పరీక్షలో ఆఖరి ప్రశ్న గుర్తొస్తేనే నాకు గుబులు. పిల్లలు దాన్ని 'అన్‌సీన్' అంటారు. సిలబస్‌లో లేని పద్యం ఒకటి అచ్చువేసి ఇస్తారు. ఎవరు రాశారో ఉండదు, ఎప్పుడు రాశారో ఉండదు. అక్కడికక్కడ చదివి, అందులో ఏముందో, ఆ చెప్పడంలో ఏ పనితనం ఉందో రాయాలి. తెలియని మాట ఒక్కటి అడ్డుపడితే? అడగడానికి పక్కన నేనుండను.

నన్ను కొన్నది మా గుంట తాతగారు. ఆయన మహారాజా కాలేజీలో బి.ఏ. చదివే రోజుల్లో, గంటస్తంభం దగ్గర పాత పుస్తకాల్లో దొరికాను. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయిన చోటది. గురజాడ చదివి, పాఠాలు చెప్పిన చోటు. యూరపు భాషలెన్నో వచ్చిన రోణంకి అప్పలస్వామిగారు ఇంగ్లీషు చెప్పిన చోటు. తాతగారు అక్కడినుంచి వచ్చాక హైస్కూళ్ళలో ఇంగ్లీషు మాస్టారై టెక్కలి, నరసన్నపేట చుట్టుపక్కల తిరిగి, చివరికి ఉద్దానంలో సొంత ఊరు చేరారు. ప్రతి బదిలీకీ నేను ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ప్రయాణం చేశాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదుగా పోయింది. కొబ్బరిచెట్లు, జీడితోటలు ఎలా నేలపట్టాయో ఉద్దానం వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఇంటికప్పు సగం లేచిపోయి రెండు రోజులు తడిశాను. తాతగారు నన్ను ఎండలో పెట్టి, చీపురుపుల్లతో ఒక్కొక్క కాగితమే విడదీశారు. 'జి' అక్షరం దగ్గర మాత్రం నలభై పేజీలు అట్టకట్టుకుపోయాయి. లాగితే చిరుగుతాయని వదిలేశారు.

మనవరాలు ఇంగ్లీషు లిటరేచర్ తీసుకుందని తెలిసినప్పుడు ఆయనకెంత సంతోషమో! సెలవులకి వచ్చినప్పుడల్లా అరుగుమీద పాఠం. అన్‌సీన్ కోసం ఆ పిల్ల ఎవరో అమ్మిన నోట్సు ఒకటి తెచ్చుకుంది. అందులో నాలుగు పేరాలు తయారుగా ఉన్నాయి: కవి ప్రకృతిని చక్కగా వర్ణించాడు, ఉపమానాలు బాగున్నాయి, భాష సరళంగా ఉంది, మనకొక సందేశం ఇచ్చాడు. ఏ పద్యానికైనా అవే. చావు మీద రాసిన పద్యానికీ అవే, చంటిపిల్ల మీద రాసిన పద్యానికీ అవే. పద్యం చదవకుండానే జవాబు రాయడం పిల్లలకి నేర్పుతున్నారే అని నాకు కడుపు మండిపోతుంది. తాతగారు ఆ నోట్సు మూసి పక్కనపెట్టారు. నన్నూ మూసి, నా మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

"ఏటి తాతా, అర్థం చూద్దామంటే చూడనీవు?"

"ముందు నీకేటి ఇనబడిందో సెప్పు గుంటా. ఆ ముసిల్దాన్ని తర్వాత లేపుదాం."

ఒకసారి పైకి చదవమనేవారు, చెవి కోసం. రెండోసారి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడమనేవారు. మూడోసారి ఎక్కడ మలుపు తిరిగిందో పట్టుకోమనేవారు. ఒక 'బట్' దగ్గరో, వర్తమానం భూతకాలంగా మారిన చోటో, పాదం ఉన్నట్టుండి తెగిపోయిన చోటో. "మెటాఫర్ ఉంది అని రాసీసి ఊరుకుంటే ఏటి లాభం? అదక్కడ ఏం పని చేస్తందో సెప్పాల" అనేవారు. ఒకరోజు ఆయనే తుపాను తర్వాత ఒడ్డున పడున్న పడవ మీద నాలుగు ఇంగ్లీషు పాదాలు రాసిచ్చారు. అందులో 'స్టిల్' అనే చిన్న మాట. నేను దానికి ఇంకా అని చెబుతాను, అయినా అని చెబుతాను, కదలని, నిశ్శబ్దమైన అని చెబుతాను, సారా కాచే బట్టీ అని కూడా చెబుతాను. ఏది తీసుకోవాలో చెప్పలేను. ఆ పిల్ల చాలాసేపు చూసి, "పడవ ఇంకా ఉంది. కదలకుండానూ ఉంది. రెండూ కావాలనే రాసినావేమో తాతా" అంది. ఆయన కళ్ళు మెరిశాయి. ఆ పని ఆ పాదంలోంచే జరిగింది. నన్ను తెరవనే లేదు.

కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ అనే ఇంగ్లీషు మాస్టారు చేసిన పని కూడా ఆ అరుగుమీదే విన్నాను. కవుల పేర్లు తీసేసి పదమూడు పద్యాలు విద్యార్థుల చేతిలో పెట్టి, వాళ్ళు రాసినవన్నీ కూర్చి 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' వేశాడు. ఇంగ్లండు పిల్లలే, ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాళ్ళే, గొప్ప పద్యాల్ని తీసిపారేశారు, మామూలు వాటిని నెత్తికెత్తుకున్నారు. మాటలకి అర్థం తెలియక చాలామంది తప్పారు నిజమే. కాని పద్యం వినకముందే మనసులో తయారుగా ఉన్న మాట బయటికి రావడం వల్ల కూడా అంతే తప్పారు. తాతగారు ఈ సంగతి ఆ పిల్లకి ధైర్యం కోసం చెప్పారు. నోట్సులో నాలుగు పేరాలు సముద్రాలకవతల కూడా ఉన్నాయన్నమాట.

ఇంకొక కథ ఉంది, అది నాకు ప్రాణం. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి. విజయనగరంలోనే చదివి, 1880లో పర్లాకిమిడిలో మాస్టారుగా చేరాడు. ముఖలింగం గుడి రాళ్ళమీద పాత లిపిలో శాసనాలుండేవి. చెప్పే గురువు లేకపోతే తనే కూర్చుని ఆ లిపి నేర్చుకుని చదివాడు. తర్వాత సవర భాష. దానికి అప్పుడు లిపి లేదు, నిఘంటువు లేదు. సవరల్ని ఇంట్లో పెట్టుకుని, వాళ్ళ నోట విని, ఏ మాట ఎప్పుడు వాడుతున్నారో చూసి, ఏళ్ళతరబడి పోగుచేశాడు. సవర భాషకి ఇంగ్లీషులో వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. ఆ నిఘంటువు నా చుట్టమే కదా, దాని పుట్టుక తలుచుకుంటే నాకు నా సంగతి తెలిసొస్తుంది. మనిషి ముందు మాటని దాని చోట్లో పట్టుకున్నాడు, తర్వాతే అది మా కాగితం మీదికి వచ్చింది.

వరండాలో ఎండ సంచి మీంచి జరిగి పోయింది. అరగంటకొకసారి గంట. లోపల ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడు గంటలయ్యాక అందరూ ఒక్కసారి బయటికొచ్చారు. మా గుంట ఎవరితోనూ మాట్లాడలేదు. స్టేషనుకొచ్చి పలాస వెళ్ళే పాసింజరెక్కింది. చీపురుపల్లి దాటాక నన్ను తీసి, 'జి' దగ్గర వేలు పెట్టింది. అట్టకట్టిన పేజీలు. గోటితో కొంచెం కదిపి, చిరుగు రాబోయిందని ఆపేసింది. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఫోను తీసింది.

"తాతా, గ్లీనింగ్ అంటే ఏటి?"

"నువ్వేటనుకున్నావు?"

"ఆ మాట నాకు రాదు. చేను కోసీసినారు, మనుషులెల్లిపోయినారు. ఒకామె వంగతంది, లెగుస్తంది, మల్లా వంగతంది. ఒడిలో ఏస్కుంటంది. మొదట ప్రకృతి వర్ణన అని రాసినాను, కొట్టీసినాను. పాదాలన్నీ పొట్టిపొట్టిగా ఉన్నాయి తాతా, మూడేసి మాటలు. ఒక్కొక్కటీ ఏరుకుంటన్నట్టు. అప్పుడు తెలిసింది. పరిగె!"

అవతల కాసేపు చప్పుడు లేదు. కిటికీ బయట కోతలైపోయిన మళ్ళు, మోళ్ళు, అక్కడక్కడ కుప్పలు. పొందూరు వచ్చింది, పోయింది.

చిన్నప్పుడు ఆ పిల్ల మామ్మతో కలిసి పరిగెకి వెళ్ళేది. కోతలయ్యాక చేలో రాలిన ఎన్నులు ఏరుకుని, గుప్పెళ్ళు కట్టి, కొట్లో ఇచ్చి మురీలు కొనుక్కునేది. మోళ్ళు గుచ్చుకుని కాళ్ళు గీరుకుపోయేవి. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ మురీలు తింటూనే నా మీద తల పెట్టుకుని నిద్రపోయేది.

రాత్రి ఇల్లు చేరేసరికి తాతగారు అరుగుమీదే ఉన్నారు. నన్ను ఒళ్ళోకి తీసుకుని చివరి ఖాళీ కాగితం తిప్పారు. అక్కడ ఆయన రాసుకున్న మాటలున్నాయి, ఆయన కొడుకు రాసినవి ఉన్నాయి. ఆ పిల్ల పెన్సిలు తీసి కింద రాసింది: గ్లీన్ — పరిగె ఏరుకోవడం. పెన్సిలు మొన మొద్దుగా ఉంది, 'గె' దగ్గర కాగితం కొంచెం లోతుగా నొక్కుకుంది.

"మరి ఆమె ఏరుకున్నాక మురీలు కొనుక్కుందని రాయలేదు కదా?" అన్నారు తాతగారు.

"నేదు. చీకటి పడిపోయింది అన్న దగ్గర పద్యం ఆగిపోయింది. అందులో లేంది నానెందుకు రాస్తాను?"

ఆయన నన్ను మూసి, తలగడ పక్కన పెట్టుకున్నారు.